బోడిగుట్ట మీది చెవి

మద్రాసు నుంచి హైదరాబాదు పోయే విమానం గురించి ఆ రోజుల్లో ఆఫీసర్లకు అన్నీ తెలుసు, మధ్యలో ఒక్క అరగంట తప్ప. కడప దాకా పైలట్ గొంతు మద్రాసు వైర్‌లెస్ వాళ్లకు అందేది. కర్నూలు దగ్గర పడితే హైదరాబాదు వాళ్లకు అందేది. నడుమ బద్వేలు దిక్కున కొండలు అడ్డం. వాటి వెనక విమానం ఉందో లేదో దేవుడికెరుక. మ్యాపు మీద ఆ చోటు చుట్టూ నీలం పెన్సిలుతో ఒక సున్నా చుట్టి, దానికి చెవిటి జాగా అని పేరు పెట్టారు. పేరు పెట్టి ఊరుకోకుండా ఆ జాగాకు ఒక చెవిని కూడా నియమించారు. ఆ చెవి పేరు గిడ్డయ్య.

గిడ్డయ్యది ఆదోని దిక్కు పల్లె. రైల్వేలో తంతి కొట్టే ఉద్యోగం ఇరవై ఆరేళ్లు చేశాడు, అదీ నల్లమల అడవిలో, రోజుకు రెండు బండ్లు ఆగే స్టేషన్లలో. రిటైరైన ఏడాదే భార్య మహాదేవమ్మ పోయింది. పిల్లలు లేరు. పల్లెలో తమ్ముడి ఇంట్లో మూడు నెలలున్నాడు. వాళ్లు చెడ్డవాళ్లేం కాదు, వేళకు ఇంత ముద్ద పెట్టేవాళ్లు. కానీ పొద్దున అరుగు మీద కూర్చున్న మనిషిని పొద్దు గూకేదాకా ఎవరూ ఏమీ అడిగేవాళ్లు కాదు. ఎవరూ ఏమీ అడక్కపోవడం ఎంత కష్టమో అది పడినవాళ్లకే తెలుస్తుంది. అందుకే విమానాల డిపార్ట్‌మెంటులో బోడిగుట్ట మీద మనిషి కావాలట అని చెవిన పడగానే ట్రంకుపెట్టె సర్దుకుని బయలుదేరాడు.

బోడిగుట్ట బద్వేలుకు తొమ్మిది మైళ్లు. పేరుకు తగ్గట్టే ఒక్క చెట్టు లేదు. పైన ఒక రాతిగది, ఒక గడియారం, ఒక లావుపాటి రిజిస్టరు, కడప విమానాశ్రయానికి వేసిన తంతి తీగ. పొద్దున పది దాటాక విమానం ఉత్తరానికి పోతుంది, మూడు గంటలప్పుడు తిరిగొస్తుంది. అది గుట్ట మీదికి రాగానే టైము రాయాలి. ఆకాశం తేటగా ఉంటే 'చూసినది' అనే గడిలో, మబ్బు పడితే 'విన్నది' అనే గడిలో. రాసి కడపకు తంతి కొట్టాలి. అంతే ఉద్యోగం. ఇంతకంటే సుఖమైన పని ఇంకెక్కడైనా ఉంటే చెప్పండి, నేనే వెళ్లి చేరతాను.

సుఖం అంటున్నాను గానీ, గుట్ట కింది పల్లె నుంచి లక్ష్మక్క అనే ఆవిడ రెండు రోజులకోసారి నీళ్లూ రొట్టెలూ తెచ్చిచ్చి దిగిపోతే, మళ్లీ ఆవిడ వచ్చేదాకా మనిషి మొహం కనబడేది కాదు. అయినా పల్లెలో దొరకనిది ఆయనకు అక్కడ దొరికింది. రోజుకు రెండుసార్లు ఇరవై మంది పైగా జనం ఆయన నెత్తి మీదుగా పోయేవాళ్లు. ఆ నిమిషంలో వాళ్లు అక్కడ ఉన్నారని లోకంలో ఆయనొక్కడికే తెలుసు. తంతి కాస్త ఆలస్యమైతే కడప నుంచి ఆపరేటరు శ్రీనివాసులు అడిగేవాడు, "వచ్చిందా?" అని. ఆ ఒక్క మాట అడిగించుకోవడానికే గిడ్డయ్య మూడేళ్లుగా ఆ బండల మీద ఉన్నాడంటే నమ్మండి.

ఇక అసలు సంగతి. నల్లమలలో ఉన్నన్నాళ్లూ చలిజ్వరానికి ఆయన క్వినైన్ మాత్రలు గుప్పెళ్లతో మింగాడు. ఆ మాత్రలు జ్వరాన్ని తీసుకుపోతూ చెవులను కూడా కొంచెం కొంచెంగా పట్టుకుపోయాయి. గుట్టకు వచ్చిన రెండో ఏడు, ఒకరోజు తేట ఆకాశంలో విమానం నడినెత్తిన కనిపించింది. చప్పుడు లేదు. ఇంజను ఆగిపోయిందనుకున్నాడు గిడ్డయ్య. కూలుతుందేమోనని బండ పట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. అది నిమ్మళంగా ఉత్తరానికి పోయింది. ఆగింది ఇంజను కాదని అప్పుడు తెలిసింది.

ఆయన ఎవరికీ చెప్పలేదు. చెబితే మళ్లీ తమ్ముడి అరుగే గతి. తంతికి చెవితో పని లేకుండా చేసుకున్నాడు. టకటకలాడే ఇత్తడి పెట్టె మీద వేలు ఆనిస్తే, పొట్టి దెబ్బేదో పొడుగు దెబ్బేదో వేలికే తెలిసేది. ఎదురుగా నిలబడి గట్టిగా మాట్లాడేవాళ్ల పెదాలు చదివేవాడు. ఇక మబ్బు రోజుల్లో విమానం మాట! దానికి లక్ష్మక్క తెలియకుండానే ఉపాయం చేసిపెట్టింది. పొలంలో ఉచ్చుకు చిక్కిన కౌజుపిట్టను తోడుగా ఉంటుందని గూటితో సహా తెచ్చి ఇచ్చింది. ఆ పిట్టకు విమానమంటే పెద్ద డేగ. దూరాన చప్పుడు వినబడితే చాలు, గింజలు వదిలేసి, గూట్లో నేలకు అతుక్కుపోయి, ఒక కన్ను పైకి తిప్పి బిక్కుబిక్కుమంటూ చూసేది. గిడ్డయ్య గడియారం చూసి 'విన్నది' అని రాసేవాడు. విన్నది పిట్ట, పేరు ఆయనది. ఏడాదిన్నర పాటు ఒక్క పొరపాటు రాలేదు.

"నీకు చెప్పేదొకటే, ఆ బండకు చెప్పేదొకటే అయిపాయ గదప్పా," అని లక్ష్మక్క మాత్రం మొహం మీదే అరిచేది. "ఆ ఆపీసరోళ్లకు చెప్పుకోరాదా?"

"చెప్తే ఈడ్నుంచి పంపిస్తారక్కా."

"పంపిస్తే ఏమి? ఈడ ఏముండాదని?"

గిడ్డయ్య పైకి చూపించేవాడు. లక్ష్మక్క కూడా తలెత్తి చూసేది. ఆవిడకు అక్కడ ఏమీ కనిపించేది కాదు.

పంతొమ్మిది వందల యాభై ఏడు, ఆషాఢం. కడప విమానాశ్రయానికి ఒక లారీ వచ్చింది. లారీ మీద యుద్ధం నాటి పాత రాడార్ యంత్రం. దాన్ని వెంటబెట్టుకుని బసవరాజు అనే ఇంజనీరు వచ్చాడు. బళ్లారి దిక్కు మనిషి, ముప్పై లోపు వయసు. గుడ్డలో కట్టిన మిరపకాయ బజ్జీలతో గుట్ట ఎక్కి గిడ్డయ్య ముందు చతికిలబడ్డాడు.

"మా రాడార్ మిషన్ ఇనేది కాదన్నా, చూసేది. మబ్బు పట్టినా చూస్తాది," అన్నాడు. సుద్దముక్కతో బండ మీద గీశాడు. కింద కడప, పైన బోడిగుట్ట, తూర్పున బారుగా వెలికొండలు. కడపలో ఉన్న యంత్రం ఈ గుట్ట మీద విమానాన్ని చుక్కలాగా చూపిస్తుందట. ఇరవై రోజుల పరీక్ష. యంత్రం చెప్పిందీ గిడ్డయ్య రాసిందీ పక్కపక్కన పెట్టి చూస్తారు. రెండూ కలిస్తే యంత్రం కడపలోనే ఉంటుంది. కలవకపోతే తిరిగి గోదాములోకి పోతుంది.

"కలిస్తే?" అని గిడ్డయ్య అడిగాడు.

బసవరాజు కాస్త తల దించుకున్నాడు. మళ్లీ ఎత్తి చెప్పాడు. "కలిస్తే ఈ గుట్ట మీద మనిషితో పని ఉండదన్నా."

దాపరికం లేని ఆ మాటకే గిడ్డయ్యకు అతని మీద ఇష్టం పుట్టింది. మూడు రోజులకోసారి బసవరాజు జీపులో వచ్చి గుట్ట ఎక్కేవాడు. రిజిస్టరు చూసి టైములు రాసుకోవడానికి పది నిమిషాలు చాలు. కానీ కూర్చునేవాడు, తినేవాడు, మాట్లాడేవాడు. పెద్దగా, చేతులు ఊపుతూ మాట్లాడే మనిషి. పెళ్లాం పుట్టింటికి పోయిన సంగతి, కూతురు ఇప్పుడిప్పుడే నడుస్తున్న సంగతి, యంత్రాన్ని బాగుచేయడానికి ఏడాదిగా పడుతున్న పాట్లు. పై వాళ్లంతా ఆ యంత్రాన్ని పాత ఇనుమంటున్నారట, పనిచేస్తుందని పట్టుబట్టి తెచ్చింది తనేనట. గిడ్డయ్యకు సగం అందేది, సగం అందేది కాదు. తల మాత్రం మొత్తానికీ ఊపేవాడు. అతను దిగిపోయాక, అతను కూర్చున్న బండ దిక్కు చాలాసేపు చూస్తూ ఉండేవాడు. ఒంటరితనం అలవాటైందని అనుకున్నాడు గానీ, అలవాటు కాలేదని ఆ రోజుల్లోనే తెలిసింది.

ఒకసారి ఇత్తడి పెట్టె మీద ఆనిన వేలిని చూసి బసవరాజు నవ్వాడు. "తంతి భాష నాకూ వచ్చు, ఇదేం అలవాటన్నా?"

"పాత రైల్వే అలవాటు సార్," అన్నాడు గిడ్డయ్య.

పద్నాలుగు రోజులు యంత్రమూ రిజిస్టరూ అచ్చుగుద్దినట్టు కలిశాయి. పదిహేనో రోజు గాలి లేచింది. ఆషాఢపు పడమటి గాలి ఈ సీమలో వానను మోసుకొచ్చినా రాకపోయినా మబ్బును మాత్రం తెస్తుంది. నేల నుంచి ఆకాశం దాకా ఒకటే బూడిదరంగు. పదీ పన్నెండు అయింది. పిట్ట సజ్జగింజలు ఏరుకు తింటోంది. పదీ ఇరవై. ఇంకా తింటోంది. గిడ్డయ్య గూటి దగ్గర గొంతుక్కూర్చుని దాన్నే చూస్తున్నాడు. వేలి కింద పెట్టె కదిలింది. కడప అడుగుతోంది: వచ్చిందా?

ఆయన బయటికి వచ్చి మబ్బులోకి చూశాడు. ఏముంది అక్కడ చూడ్డానికి? మళ్లీ లోపలికి పోయి పిట్టను చూశాడు. దానికి ఈకలు రాలుతున్నాయి. ఈకలు రాల్చే పిట్టకు ఒళ్లు బాగుండదు, దీని చెవి కూడా మందగించినట్టుంది అనుకున్నాడు. విమానం కడప దాటిందని పైలట్టే చెప్పినట్టు శ్రీనివాసులు తంతి కొట్టాడు కదా. ఒక స్టేషను దాటిన బండి తర్వాతి స్టేషనుకు రాక యాడికి పోతుంది? అది ఇరవై ఆరేళ్ల రైల్వే బుర్ర. ఆకాశంలో పట్టాలుండవన్న సంగతి ఆ నిమిషంలో దానికి తట్టలేదు. రోజూ వచ్చే టైమే వేసి, 'విన్నది' అని రాసి, తంతి కొట్టాడు. మూడు గంటల తిరుగు విమానానికీ అంతే అయింది.

పదహారో రోజూ పిట్ట నేలకు అతుక్కోలేదు. పదిహేడో రోజూ అంతే. రెండు రోజులూ మబ్బే, రెండు రోజులూ ఆయన 'విన్నది' అనే రాశాడు. ఉద్యోగం కోసం రాయలేదనీ, విమానం వచ్చే ఉంటుందని నమ్మే రాశాననీ తనకు తాను చెప్పుకున్నాడు. చెప్పుకోవలసి వచ్చిందంటేనే అందులో ఏదో ఉంది.

పద్దెనిమిదో రోజు మబ్బు విరిసింది. పొద్దున్నే బసవరాజు గుట్ట ఎక్కాడు. ఈసారి బజ్జీలు లేవు, చేతులు ఊపడం లేదు. బండ మీద కూర్చుని నెమ్మదిగా మాట్లాడాడు. గిడ్డయ్య అతని పెదాలనే పట్టి చూడవలసి వచ్చింది.

"నువ్వే గెల్చినావన్నా. మూడు రోజులు నా మిషన్ తప్పు చెప్పింది. విమానం ఇరవై మైళ్లు తూర్పున, వెలికొండల మీద పోతాందని చూపించింది. పైలట్ ఏమో గుట్ట మీదే పోయినా అంటాడు. మబ్బులో అతనికీ అంచనానే అనుకో. కానీ నువ్వు ఇన్నావు కదా. నీ చెవి కంటే సాక్ష్యమేముంది? సాయంత్రం బండికి రిపోర్టు మద్రాసు పోతాది. మిషన్ గోదాముకు. నీ పోస్టు ఖాయం."

 ఏడాదిన్నరగా ఏది పోతుందోనని భయపడ్డాడో అది పోలేదు. సంతోషం రావాలి. రాలేదు.

"మరి నీవు సార్?"

"నేనా? యాడికి పంపితే ఆడికి." బసవరాజు లేచాడు. పాత ఇనుమని పైవాళ్లు మొదటే అన్నారనీ, తానే వినలేదనీ చెప్పి, నవ్వబోయి మానుకున్నాడు. "నీ మీద కోపమేం లేదన్నా. నిజం చెప్పినోడి మీద కోపమెందుకు?"

ఆ మాట మాత్రం గిడ్డయ్యకు పూర్తిగా వినబడింది.

అతను దిగి పోయాక ఆయన ఆ పొద్దు అన్నం ముట్టలేదు. పదిన్నర లోపల పిట్ట ఉన్నట్టుండి గింజలు వదిలేసింది. నేలకు కరుచుకుని ఒక కన్ను పైకి తిప్పింది. గిడ్డయ్య గబగబా బయటికి వచ్చాడు. తేట నీలం ఆకాశంలో, సరిగ్గా నడినెత్తిన, తెల్లగా మెరుస్తూ విమానం పోతోంది.  ఈకలు ఇంకా రాలుతూనే ఉన్నాయి, పిట్ట చెవికి మాత్రం ఏ జబ్బూ లేదు. మరి ఆ మూడు రోజులు అది ఎందుకు నేలకు అతుక్కోలేదు? విమానం ఇక్కడికి రాలేదు గనక. పడమటి గాలి దాన్ని తూర్పుకు తోసేసింది. పైలట్‌కు తెలియలేదు. యంత్రం చూసింది, చెప్పింది. పిట్ట కూడా తనకు తెలిసినట్టు చెప్పింది. నడుమ అబద్ధం చెప్పినవాడు ఒక్కడే.

బండ మీద సుద్దగీతలు ఇంకా చెరిగిపోలేదు. తూర్పున వెలికొండలు బారుగా ఉన్నాయి. మబ్బులో ఏదో అవసరం పడి, కింద కడప మైదానమే ఉందనుకుని పైలట్ విమానాన్ని దించితే? ఇరవై మంది పైగా జనం. రోజూ తన నెత్తి మీదుగా పోయే జనం, తాను ఒక్కణ్ణి కాదని ధైర్యమిచ్చిన జనం. గిడ్డయ్య వేలిని ఆ గీతల మీద కడప నుంచి గుట్టకూ, గుట్ట నుంచి కొండలకూ పోనిస్తూ చాలాసేపు కూర్చున్నాడు. తమ్ముడి అరుగు గుర్తొచ్చింది. దాని రాయి మధ్యాహ్నానికి ఎంత వేడెక్కుతుందో కూడా గుర్తొచ్చింది. అయినా లేచి గదిలోకి పోయి తంతి ముందు కూర్చున్నాడు.

కొట్టాడు: పరీక్షలో పదిహేను, పదహారు, పదిహేడో రోజులు. వినలేదు.

పెట్టె కదిలింది. శ్రీనివాసులు అడుగుతున్నాడు: అర్థం కాలేదు, మళ్లీ పంపు.

మళ్లీ కొట్టాడు: మూడు రోజులూ విమానం వినలేదు. వినకుండా రాశాను.

మళ్లీ పంపు. మూడేళ్లలో ఒక్క తప్పు చేయని మనిషి ఇలా కొడితే అవతలివాడు తీగదే తప్పనుకున్నాడు, పాపం. మూడోసారి గిడ్డయ్య ఒక్కో అక్షరం విడదీసి, పలక మీద బలపంతో దిద్దించినట్టు కొట్టాడు: నాకు చెవుడు. ఏడాదిన్నరగా. మిషన్ చెప్పింది నిజం. బసవరాజు గారికి చెప్పు. రిపోర్టు ఆపు.

ఆ తర్వాత వేలు పెట్టె మీద ఆనించి కూర్చున్నాడు. పెట్టె కదల్లేదు. మూడు గంటల విమానం వచ్చి పోయింది. పొద్దు వాలింది. ఎవరూ ఏమీ అడగలేదు. అరుగు అప్పుడే, ఆ గదిలోనే మొదలైందని ఆయనకు తెలిసిపోయింది.

వారానికి బసవరాజు వచ్చాడు, తీగ విప్పడానికి ఇద్దరు మనుషులను తీసుకుని. మళ్లీ మబ్బు పట్టి ఉంది. అతను గుమ్మంలో నిలబడి గిడ్డయ్యను చూశాడు. మొహంలో కోపముంది. నోరు తెరిచి ఏదో అని, ఆపి, దగ్గరకొచ్చి ఎదురుగా నిలబడి గట్టిగా అన్నాడు.

"మిషన్ కడపలోనే ఉంటాదన్నా. ఈ పోస్టు తీసేసినారు."

"మంచిది సార్."

"అన్ని రోజులు కూర్చుని చెప్పినా గదా! నా ఇల్లు, నా పెళ్లాం, అన్నీ. ఏదీ ఇనల్యా నువ్వు?"

"సగం ఇన్నా సార్," అన్నాడు గిడ్డయ్య. "నీ బిడ్డ పేరు రత్నమణి. నడిచేటప్పుడు కుడికాలు ముందు పెడ్తాది. ఇంకా శానా చెప్తివి, నాకు అందల్యా. మళ్లీ అడిగితే చెవుడని తెలుస్తాదని అడగల్యా."

బసవరాజు మనుషులకు తీగ దిక్కు చెయ్యి చూపించాడు. మనుషులు తీగ విప్పారు. ఇత్తడి పెట్టెను గోనెలో చుట్టారు. గిడ్డయ్య ట్రంకుపెట్టె మీద పిట్ట గూడు పెట్టి, రిజిస్టరు ముందు కూర్చున్నాడు. దాన్ని కూడా ఒప్పజెప్పాలి. పదీ పన్నెండు అయింది. అలవాటుగా వేలు బల్ల మీద పెట్టె ఉండే చోట ఆనించాడు. అక్కడ పెట్టె లేదు.

భుజం మీద ఎవరిదో చెయ్యి పడింది. ఉలిక్కిపడి చూశాడు. బసవరాజు వెనక నిలబడి, మొహం పైకెత్తి ఉన్నాడు. అతని వేలు గిడ్డయ్య భుజం మీద నొక్కుతోంది. పొట్టి, పొడుగు, పొట్టి. తంతి భాష. గిడ్డయ్యకు ఒక్కో అక్షరమూ అందింది.

వస్తాంది.

ఇద్దరూ బయటికి వచ్చారు. మబ్బులో ఏమీ కనబడటం లేదు. బసవరాజు వేలు భుజం మీద ఆనించే ఉంచాడు, చప్పుడు దగ్గరైనకొద్దీ గట్టిగా, దూరమైనకొద్దీ మెల్లగా. అతను ఆ వేలు పూర్తిగా తీసేదాకా గిడ్డయ్య కళ్లు మూసుకుని, తలెత్తి నిలబడ్డాడు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, ఆయన తుడుచుకోలేదు.

తర్వాత లోపలికి పోయి రిజిస్టరులో చివరి వరుస నింపాడు. టైము, పదీ పదహారు. చూసినది: లేదు. విన్నది అనే గడి దగ్గర పెన్సిలు కాస్త ఆగింది. అక్కడ కూడా లేదు అని రాసి, పక్కనే చిన్న అక్షరాలతో బసవరాజు విన్నాడు అని రాసి, పుస్తకం మూసి ఇచ్చేశాడు.